పర్లాకిమిడి అరుగు మీద తుపాకుల తగువు

పర్లాకిమిడిలో మా మామయ్యగారి అరుగు మీద లైసెన్సుదారులు నలుగురు చేరితే 2019 నాటి ఆయుధ చట్ట సవరణ మీదికే మాట మళ్లుతుంది. ఒక్కొక్కరికి మూడు తుపాకుల వరకు ఉన్న అనుమతిని అది రెండుకు తగ్గించి, మూడోదాన్ని అప్పగించడానికి ఏడాది గడువిచ్చింది. లైసెన్సు కాలాన్ని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచినా, తాతగారి డబుల్ బ్యారెల్‌ను వదులుకున్న మామయ్యగారికి అది ఊరట కాలేదు.

బయట తుపాకి వెంట ఉంచుకోవడానికి ప్రత్యేక కారణం చూపాలన్న న్యూయార్క్ నిబంధనను అమెరికా సుప్రీంకోర్టు 2022లో కొట్టివేసిందని, మనమూ కోర్టుకెక్కవచ్చని అక్కడున్న మా బావ ఫోనులో వాదించాడు. అక్కడ రాజ్యాంగపు రెండవ సవరణ వల్ల ఆయుధం హక్కు గనుక, నియంత్రణ తమ చారిత్రక సంప్రదాయానికి లోబడినదేనని ప్రభుత్వమే నిరూపించుకోవాలి. ఇక్కడ అది లైసెన్సుతో వచ్చే అనుమతి మాత్రమే. మన రాజ్యాంగం 19వ అధికరణంలో ఆయుధాల ఊసు వచ్చేది, విచిత్రంగా, నిరాయుధులుగా సమావేశమయ్యే హక్కు చెప్పిన చోటనే! లైసెన్సు నిరాకరిస్తే అప్పీలు ఉంది గాని, హక్కు పేరిట వేసే దావా నిలుస్తుందని నేను అనుకోను.

అడవిపందులతో విసిగిన పక్కింటి రైతుగారి దారే మెరుగు: పంట రక్షణకు మందు కూరి పేల్చే తుపాకి లైసెన్సు ఆయుధ చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది.