ఘాజీ మన తీరానికి ఎలా వచ్చింది?

మా వీధిలో నేవీ నుంచి రిటైరైన తాతగారు ఉన్నారు. నిన్న ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ తాగుతుంటే మా అబ్బాయి విశాఖ బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామి గురించి అడిగాడు. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేసి, "ముందు ఘాజీ సంగతి తెలుసుకోవాల బాబూ" అన్నారు.

1954లో అమెరికా పాకిస్తాన్‌తో సైనిక ఒప్పందం చేసుకుంది. దాని గురి సోవియట్ యూనియన్ మీద. గుండెల్లో రాయి పడింది మాత్రం మనకి. అమెరికా పాకిస్తాన్‌కి అప్పుగా ఇచ్చిన డయాబ్లో అనే జలాంతర్గామే ఘాజీగా మారి, 1971 డిసెంబరులో భారత్-పాకిస్తాన్ యుద్ధమప్పుడు విశాఖ దాకా వచ్చి అక్కడే మునిగిపోయింది. శ్రీకాకుళంలో బస్సెక్కితే పూట పట్టని దూరం!

నన్ను కదిలించింది ఇంకొకటి. 1971 జూలైలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ నుంచే రహస్యంగా బీజింగ్ వెళ్లాడు. చైనాతో స్నేహానికి నిక్సన్‌కి పాకిస్తాన్ కావాలి. అందుకే తూర్పు బెంగాల్లో (ఇప్పటి బంగ్లాదేశ్) జనం చస్తున్నా పాకిస్తాన్ సైనిక పాలకుడు యాహ్యా ఖాన్‌ని గట్టిగా అడ్డుకోలేదు. ఇది నేను క్షమించలేను. నెల తిరిగేసరికి, ఆగస్టు 9న, ఇందిరా గాంధీ ప్రభుత్వం సోవియట్‌తో మైత్రి ఒప్పందం చేసుకుంది. ఏ కూటమిలోనూ చేరని మన అలీన విధానానికి అది ద్రోహమంటారు కొందరు. నేనొప్పుకోను. డిసెంబరు యుద్ధంలో అమెరికా ఎంటర్‌ప్రైజ్ అనే యుద్ధనౌకను బంగాళాఖాతంలోకి పంపినప్పుడు మనకి అండగా నిలబడింది ఆ ఒప్పందమే కదా.

కుర్సురా కూడా సోవియట్‌లో తయారైనదే. మా వాడికి ఆదివారం చూపిస్తానని మాటిచ్చాను. తాతగారూ వస్తానన్నారు.