కాంక్రీటుకు రోటరీ హ్యామర్ కొనేటప్పుడు నేను చూసుకున్నవి

ప్లంబింగ్, బాత్రూం రిపేరు పనులు చేసే మా చిన్న టీముకు వైరుతో నడిచే రోటరీ హ్యామర్ (దెబ్బ కొడుతూ తిరిగి కాంక్రీటులో హోల్ వేసే మిషన్) కావాల్సి వచ్చింది. షాపుకు వెళ్లే ముందే ఒక కాగితం తీసుకుని పనులన్నీ రాశాను: ఏ సైజు హోల్స్ ఎక్కువ వేస్తాం, ఎంత లోతు, ఏ గోడలో, పగలగొట్టేది ఎంత. పైపు క్లాంపులకు 6, 8 మి.మీ.; గీజరు, వాష్ బేసిన్ బోల్టులకు 10, 12; పాత కాంక్రీటులో కొత్త రాడ్డు నాటడానికి 16; ఎప్పుడో ఒకసారి గోడలోంచి పైపు దాటించడానికి 25. పగలగొట్టే పని దీనికి పూర్తిగా వేరు. పాత టైల్స్, వాటి కింది సిమెంటు బెడ్డింగ్, గోడలో గాడులు. ఈ రెండు పనుల్నీ ఒకే మిషన్ మీద వేయాలనుకునేవాళ్లకే ఎంపిక తప్పుతుందని నా అభిప్రాయం.

డబ్బా మీద పెద్ద అంకెల్లో కనిపించేవి వాట్స్. మిషన్ కరెంటు ఎంత లాగుతుందో అవి చెబుతాయి గానీ, దెబ్బ ఎంత గట్టిగా పడుతుందో చెప్పవు. దెబ్బ బలం జౌల్స్‌లో ఉంటుంది. కిలో బరువు 10 సెం.మీ. ఎత్తు నుంచి పడితే దాదాపు 1 జౌల్. బాష్ జీబీహెచ్ 2-26 డీఆర్‌ఈకి 800 వాట్స్, 2.7 జౌల్స్, నిమిషానికి 4000 దెబ్బలు. మకీటా హెచ్ఆర్ 2470కి 780 వాట్స్, 2.4 జౌల్స్, 4500 దెబ్బలు. ఒకదానిలో దెబ్బ గట్టిది, ఇంకోదానిలో దెబ్బలు ఎక్కువ. గుణించి చూస్తే రెండూ సెకనుకు 180 జౌల్స్ దగ్గరే తేలతాయి. కాబట్టి ఈ రెండింటి మధ్య దెబ్బ గురించి వాదించుకోవడం దండగ. చేతికి ఏది కుదిరింది, సర్వీసు ఎక్కడ దగ్గర అన్నవే చూసుకోవాలి.

జౌల్స్ పక్కన ఈపీటీఏ అని ఉందో లేదో కూడా చూడండి. అది దెబ్బను కొలిచే పద్ధతి పేరు. ఆ మాట లేకుండా వేసిన అంకెను నేను లెక్కలోకి తీసుకోను. పేరున్న కంపెనీల మిషన్లలాగే కనిపించే చవక సరుకు మీద "1500 వాట్స్" అని ఉంటుంది. దాన్ని పట్టుకోవడం తేలిక. కాంక్రీటులో హోల్ వేస్తుండగా ఒక వైరుకు క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) తగిలిస్తే, 230 వోల్టుల దగ్గర 1500 వాట్స్ మిషన్ ఆరున్నర ఆంపియర్ల దగ్గర చూపించాలి. మూడున్నర దగ్గరే ఆగితే అది కూడా 800 వాట్స్ మిషనే.

ఇంట్లో వాడే ఇంపాక్ట్ డ్రిల్ డబ్బా మీద నిమిషానికి 40 వేలకు పైగా దెబ్బలని ఉంటుంది. అది చూసి రోటరీ హ్యామర్ నాలుగు వేలే కదా అనుకోకూడదు. ఇంపాక్ట్ డ్రిల్‌లో పళ్లున్న రెండు బిళ్లలు ఒకదానిమీద ఒకటి ఎగిరి పడతాయి, దెబ్బ చిన్నది, మనిషి బలంగా నెడితేనే పడుతుంది. ఇటుక గోడకు సరిపోతుంది గానీ కాంక్రీటులో 10 మి.మీ. దాటితే అరుపే తప్ప పని ఉండదు. రోటరీ హ్యామర్‌లో పిస్టన్ ముందుకూ వెనక్కూ కదిలి, మధ్యలో ఉన్న గాలిని నొక్కి, ఆ గాలి ఒత్తిడితో స్ట్రైకర్‌ను విసురుతుంది. స్ట్రైకర్ వెళ్లి బిట్ వెనక కొడుతుంది. అందుకే దీన్ని గట్టిగా నెట్టాల్సిన పని లేదు. బిట్ ఎగరకుండా ఆనించి పట్టుకుంటే చాలు. ఒళ్లంతా వేసి తోసే హెల్పర్ పని త్వరగా కాదు, పైగా మధ్యలో ఉన్న ఆ గాలి సరిగా ఆడక మిషన్ వేడెక్కుతుంది.

తర్వాత తేల్చుకోవాల్సింది బిట్ పట్టే మూతి. బిట్‌లో మూతిలోకి దూరే భాగమే కాడ, అది రెండు రకాలు. ఎస్‌డీఎస్ ప్లస్ బిట్ కాడ 10 మి.మీ., ఎస్‌డీఎస్ మ్యాక్స్ కాడ 18 మి.మీ. ఒకదాని బిట్ రెండోదానికి పట్టదు. ప్లస్ మిషన్ మీద "26" అని ఉంటే, కాంక్రీటులో 26 మి.మీ. వరకు వేయగలదని అర్థం. రోజంతా 26 వేయమని కాదు. జీబీహెచ్ 2-26కి హాయిగా నడిచే పరిధి 8 నుంచి 16 మి.మీ. అని కంపెనీయే చెబుతుంది. మా కాగితంలో ఉన్న సైజుల్లో 6, 25 తప్ప అన్నీ అందులోనే పడ్డాయి.

ఇక్కడే షాపువాళ్లు ఇంకో మాట చెబుతారు: "40 మి.మీ. మ్యాక్స్ మిషన్ తీసుకోండన్నా, హోల్సూ వేస్తుంది, పగలగొడుతుంది కూడా." ఆ తరగతి మిషన్‌కు ఎనిమిదిన్నర జౌల్స్ దాకా దెబ్బ ఉంటుంది, మాట నిజమే. కానీ బరువు ఏడు కిలోల దగ్గర. సీలింగుకు క్లాంపులు కొట్టేటప్పుడు దాన్ని నెత్తి మీద ఎత్తి పట్టుకోవాలి. పైగా మ్యాక్స్ బిట్లు మామూలుగా 12 మి.మీ. నుంచే మొదలవుతాయి. 6, 8 హోల్స్ ఎక్కువగా వేసేవాళ్లకు అది దేనికి? స్లాబుల్లో 20, 25, 32 రోజూ వేసేవాళ్లు, రాడ్లు నాటే పని ఒప్పుకునేవాళ్లు మాత్రం కళ్లు మూసుకుని అదే తీసుకోవచ్చు. మేము మూడు కిలోల లోపు ప్లస్ మిషన్ ఒకటి, పగలగొట్టడానికి విడిగా ఇంకోటి అని తేల్చుకున్నాం.

ప్లస్ మిషన్‌లోనూ హోల్ మాత్రమే వేసేవి కొన్ని, ఉలి మోడ్ (తిరక్కుండా దెబ్బ మాత్రమే పడేది) కూడా ఉన్నవి కొన్ని. ఉలి మోడ్ ఉన్నదే తీసుకోవాలి. గోడ టైల్స్, నాలుగడుగుల గాడి, స్విచ్ బాక్సు గుంట వంటి వాటికి అది చాలు. నేల బెడ్డింగ్ మొత్తం దానితో లేపాలని కూర్చుంటే మాత్రం లోపలి గాలిని బయటికి పోనీయకుండా ఆపే రబ్బరు ఓ రింగులు వేడికి గట్టిపడి, మోటారు తిరుగుతున్నా దెబ్బ పడటం మానేస్తుంది.

పగలగొట్టే మిషన్లలో బరువే తరగతి. 5-6 కిలోలది ఏడెనిమిది జౌల్స్. బాత్రూం నేల, టైల్స్, నాలుగున్నర అంగుళాల గోడకు సరైనది. 10 కిలోలది, ఉదాహరణకు బాష్ జీఎస్‌హెచ్ 11 ఈ, 16.8 జౌల్స్. పీసీసీ (రాడ్డు లేని కాంక్రీటు), మెట్లు, పునాది పైభాగానికి. 16-18 కిలోలది 41 జౌల్స్ దాకా వెళుతుంది. దాన్ని నేల మీద నిలబెట్టి కిందికి కొట్టాలే గానీ గోడకు ఎత్తలేం. ఈ పెద్దవాటికి షడ్భుజి కాడ ఉంటుంది, కొన్నింటికి 28 మి.మీ., కొన్నింటికి 30. ఉలి కొనేముందు అది అడగకపోతే డబ్బు వృథా. అపార్టుమెంటు పై అంతస్తులో 10 కిలోల మిషన్ పెట్టడం నాకు నచ్చదు. సాధారణ స్లాబ్ మందం 125 మి.మీ., అడుగున రాడ్డుకూ ప్లాస్టరింగుకూ మధ్య కాంక్రీటు 20 మి.మీ. మాత్రమే. పైన దెబ్బకు కింది ఫ్లాటులో పెచ్చులు ఊడతాయి. మేము 5 కిలోలది కొన్నాం. పెద్దది కావాల్సినప్పుడు రోజు అద్దెకు తెచ్చుకుంటాం.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒకే వీధిలో పది రకాలు చేతిలో పట్టి చూడొచ్చు. నేను చూసినవి ఇవి: బిట్ పెట్టి పక్కలకు ఊపితే ఎంత ఆడుతోంది (ముందుకూ వెనక్కూ కాస్త ఆడటం మామూలే, పక్కలకు ఎక్కువ ఆడకూడదు), మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు బయటి మూతలు విప్పి మార్చేలా ఉన్నాయా, వైరు నాలుగు మీటర్లా, రెండా, ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం), ఓ రింగుల కిట్టు ఊళ్లోనే దొరుకుతాయా, బిల్లు మీద సీరియల్ నంబరు రాశారా. బిట్ ఇరుక్కున్నప్పుడు మిషన్ మెలిపడకుండా జారే సేఫ్టీ క్లచ్ తప్పనిసరి. అది లేని మిషన్ రాడ్డుకు తగిలి ఆగితే మణికట్టు విరగొచ్చు. క్లచ్ ఉన్నా పక్క హ్యాండిల్ తీసేసి వాడొద్దు.

బిట్లలో పిసినారితనం పనికిరాదు. రెండు అంచుల బిట్ రాడ్డు పక్కకు తగిలితే అంచు ఊడుతుంది. నాలుగు అంచులది ఎక్కువసార్లు తట్టుకుని గుండ్రటి హోల్ ఇస్తుంది. 10 మి.మీ. పైన నాలుగు అంచులదే కొంటాను. "6×100×160" అంటే మందం 6, పనికొచ్చే పొడవు 100, మొత్తం పొడవు 160. తొమ్మిది అంగుళాల గోడ దాటించాలంటే పనికొచ్చే పొడవే చూడాలి.

ఏఏసీ బ్లాక్ (గాలి బుడగలున్న తేలికైన సిమెంటు బ్లాక్) గోడలో హ్యామర్ ఆపి తిప్పుడు మోడ్‌లోనే వేయాలి. దెబ్బ పడితే హోల్ వదులై ప్లగ్గు తిరిగిపోతుంది. స్లాబులో ఆరపార వేసేటప్పుడు చివరి రెండు అంగుళాలు వేగం తగ్గించి మెల్లగా దించాలి, లేకపోతే అడుగున పళ్లెమంత పెచ్చు ఊడుతుంది. 110 మి.మీ. పైపు హోల్‌కు ఈ మిషన్ వాడకూడదు, వరసగా హోల్స్ వేసి ఉలితో తట్టడమూ వద్దు. దానికి నీళ్లతో కోసే డైమండ్ కోర్ కటింగ్ పిలిపించాలి.

ఉలి పనిలో మధ్యలో గుచ్చితే ఉలి ఇరుక్కుంటుంది, అది బయటికి లాగడానికే అరగంట పోతుంది. అంచు నుంచి రెండు మూడు అంగుళాల చొప్పున, ఉలిని వాలుగా పెట్టి విరుచుకుంటూ రావాలి. టైల్స్‌కు వెడల్పు ఉలి, కాంక్రీటుకు మొనది.

30 మీటర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సుకు 1 చదరపు మి.మీ. వైరు వేస్తే, 1500 వాట్స్ మిషన్ దగ్గర ఏడు వోల్టుల దాకా పడిపోతుంది. 2.5 వైరుతో మూడు వోల్టుల లోపే. సైటు వోల్టేజే 200 ఉన్నచోట ఆ తేడా తెలుస్తుంది. బాక్సు వైరును చుట్టగా ఉంచి వాడితే వేడికి కాలుతుంది, మొత్తం విప్పి పరచాలి. తడి బాత్రూంలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపే స్విచ్) లేకుండా పని మొదలుపెట్టం.

అదురు గురించి ఎవరూ అడగరు. యూరప్ నియమం ప్రకారం చేతికి రోజు పరిమితి ఎనిమిది గంటలకు సెకను వర్గానికి 5 మీటర్లు. అదురు 10 ఉన్న మిషన్‌తో రెండు గంటలకే ఆ కోటా అయిపోతుంది. అందుకే ఉలి పనిలో ఇద్దరు మార్చుకుంటారు. దుమ్ము సిలికా, రుమాలు ఆపదు, ఎన్95 కావాలి.

బిట్ కాడకు ప్రతిసారీ వేలి కొసంత గ్రీజు పూసి పెట్టాలి. పూసే ముందు పాత గ్రీజులో ఇరుక్కున్న దుమ్ము తుడవాలి, లేదంటే అది ఆకురాయిలా మూతిని అరగదీస్తుంది. కార్బన్ బ్రష్ 5-6 మి.మీ.కి వచ్చేసరికి రెండూ కలిపి మార్చేస్తాం. మోటారు మామూలుగా తిరుగుతూ దెబ్బ మాత్రం బలహీనపడితే ఆర్మేచర్ జోలికి పోకుండా ముందు ఓ రింగులు, గ్రీజు మార్పించమని మెకానిక్‌కు చెప్పండి.