పొడపత్రి: తీపి తెలియకపోతే షుగర్ తగ్గినట్టేనా?

పొడపత్రి ఆకు ఒకటి బాగా నమిలి, పిప్పి ఉమ్మేసి, చిటికెడు పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టుంటుంది. ఈ తమాషా చూసే చాలామంది ఈ ఆకు షుగర్ జబ్బును తగ్గిస్తుందని నమ్మేస్తారు. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకాలకు అతుక్కుంటాయి. అరగంటో, ముప్పావుగంటో పోయాక వదిలేస్తాయి. ఆ కాసేపట్లో తిన్న చక్కెర మాత్రం ఎప్పటిలాగే రక్తంలో చేరుతుంది.

అయినా ఈ పరీక్ష దండగ కాదు. కొన్న పొడి అరచెంచా నాలుక మీద రెండు నిమిషాలు ఉంచి పంచదార రుచి చూడండి. తీపి తెలుస్తూనే ఉందంటే అది వేరే ఆకైనా అయ్యుండాలి, సారం పోయిన పాత సరుకైనా అయ్యుండాలి. ఇన్సులిన్ మొక్క అని పిలిచే కాస్టస్‌ను దీనితో కలిపేయకండి. కాస్టస్ ఆకులు కాండం చుట్టూ మెలికగా వస్తాయి. పొడపత్రి అల్లుకునే తీగ, ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి, వాటి మీద సన్నటి నూగుంటుంది.

మరి రక్తంలో షుగర్ సంగతి? 1990లో వెలువడిన మద్రాసు అధ్యయనంలో టైప్ 2 షుగర్ జబ్బు ఉన్న 22 మందికి తమ మాత్రలతో పాటు రోజుకు 400 మిల్లీగ్రాముల ఆకు సారం 18–20 నెలలు ఇచ్చారు. షుగర్ తగ్గింది, అయిదుగురు మాత్రలు మానగలిగారు. ఆశ పుట్టించే ఫలితమే గానీ, 22 మందితో తేల్చేసే విషయం కాదిది. పైగా 400 మిల్లీగ్రాముల సారమంటే 400 మిల్లీగ్రాముల పొడి కాదు. ఎండాకు పొడి మామూలుగా రోజుకు 2–4 గ్రాములు వాడతారు. చెంచా కొలతను నమ్మకుండా తూకం వేయండి.

అసలు చిక్కు మందులతో కలిసినప్పుడు వస్తుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ (షుగర్ తగ్గించే మాత్ర) లాంటివి వాడేవారికి షుగర్ మరీ పడిపోవచ్చు. డాక్టరుకు ముందే చెప్పి, మొదటి రెండు వారాలు పరగడుపున, తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసి రాసుకోండి. షుగర్ 70 mg/dL కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని, పావుగంటకు మళ్లీ చూడండి. అప్పుడే ఆకు నమిలి ఉంటే గ్లూకోజు చప్పగా తగులుతుంది, పనిచేయడం లేదేమోనని ఆపేయకండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి పోవద్దు. కాలేయం దెబ్బతిన్న కేసు కూడా నమోదైంది కనుక కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే మానేసి డాక్టరును కలవాలి. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపాలి. మూడు నెలలకు హెచ్‌బిఎ1సి (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) అంకె తగ్గకపోతే మోతాదు పెంచుకుంటూ పోవడంలో అర్థం లేదు.