ఊదుబత్తి పట్టుకుని కోళ్ల షెడ్డులోకి

సంక్రాంతి వెళ్లిన మూడో రోజు ఉప్పల్‌లో బస్సెక్కాను. భువనగిరి గుట్ట, పెంబర్తి కమాను దాటి హన్మకొండలో దిగేసరికి సాయంత్రం అయిదున్నర. అక్కణ్ణుంచి ఖమ్మం రోడ్డు పట్టుకుని వర్ధన్నపేట వైపు. ఐనవోలు మల్లన్న జాతరకు పోయి వస్తున్న జనంతో ఆటోలు నిండిపోయాయి, అందరి నొసళ్ల మీదా బండారి. నేను మాత్రం జాతరకు వచ్చినవాణ్ని కాదు. "తమ్మీ, ఏసీల పని చేస్తవు గదా, మీ బావ షెడ్డు ఒక్కసారి వచ్చి సూడు" అని అక్క నాలుగుసార్లు ఫోన్ చేసింది.

హైదరాబాద్‌లో ఆఫీసు బిల్డింగులకు డక్టులు బిగించడం నా పని. కోళ్ల గురించి నాకు తెలిసిందల్లా ఆదివారం ప్లేట్లో ఉండేదే.

బావది 5,000 కోళ్ల షెడ్డు. పొడవు 200 అడుగులు, వెడల్పు 30. తూర్పు పడమరలుగా కట్టారు, ఎండ నిలువునా లోపలికి రాకుండా. పక్కన అడుగెత్తు గోడ, దాని మీద జాలీ, జాలీకి బయట పరదాలు. కోడిపిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, బొగ్గులు, కష్టం బావవి. పెరిగిన కోళ్లకు కిలోకు ఇంత అని లెక్కకట్టి ఇస్తారు. డిసెంబర్ బ్యాచ్ దెబ్బతిన్నది. అయిదో వారంలో కోళ్లు పొట్టలో నీళ్లు చేరి రోజుకు కొన్ని చొప్పున పడిపోయాయి. కంపెనీ సూపర్‌వైజర్ వచ్చి చూసి, నేల మీద పరిచే "ఊక బాగలేదు" అని రాసుకుని పోయాడట. కోత మాత్రం బావ పైసల్లో పడింది.

ఇప్పుడున్నవి 12 రోజుల పిల్లలు. తెల్లవారుజామున అయిదింటికి బావ నన్ను లేపాడు. ఫారం చెప్పులు వేసుకుని, గుమ్మం ముందు ఊదారంగు పర్మాంగనేట్ నీళ్లలో కాళ్లు ముంచి లోపలికి వెళ్లాం. బయట మంచు ఎంత దట్టంగా ఉందంటే పక్క చేనులోని కరెంటు స్తంభం కనిపించలేదు. లోపల పరదాలు రెండు వైపులా పైదాకా గుంజి కట్టేసి ఉన్నాయి. అక్కడక్కడా బొగ్గుల తట్టలు ఎర్రగా.

"గ్యాస్ ఉంది బావా" అన్నాను.

"నాకైతే వాసన వస్తలేదు."

నిజమే చెబుతున్నాడు. రోజూ అందులో తిరిగేవాడి ముక్కు మొద్దుబారిపోతుంది. నాకు నిలబడి ఉండగా కళ్లు కాస్త మండాయి, అంతే. గొంతుక్కూర్చుని పిల్లల తలల ఎత్తుకు ముఖం తెచ్చేసరికి ముక్కులో సూది గుచ్చినట్టయింది, కళ్ల వెంట నీళ్లు కారాయి. మనం నిలబడి పీల్చే గాలి వేరు, అవి పీల్చేది వేరు. ఆ గ్యాస్ అమోనియా, పుట్టేదే ఊకలో. కోడి రెట్ట మీద తెల్లగా కనిపించేది యూరిక్ యాసిడ్. ఊక తడిగా ఉంటే బ్యాక్టీరియా దాన్ని అమోనియాగా మారుస్తుంది. 25 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 25 పాళ్లు, దాటకూడదంటారు. పైకి పోతే శ్వాసనాళంలో దుమ్మును, క్రిములను బయటికి ఊడ్చే సన్నని నూగు పనిచేయడం తగ్గి, దగ్గు, గురక మొదలవుతాయి.

బావ పిడికెడు ఊక తీసి పిసికాడు. చెయ్యి తెరిస్తే ముద్ద ముద్దలాగే ఉంది. విడిపోయి రాలాలి. పిల్లలు నీళ్లు తాగే నిప్పుల్ లైన్ కింద అయితే గట్టిపడి అట్టకట్టింది.

"ఇంత తడి ఎక్కడిదిరా? బయటి మంచు లోపలికొస్తదనే గదా పరదాలు పూరా గుంజిన" అన్నాడు.

ఇదీ అసలు ముడి. పిల్లలు తిన్న దాణా బరువుకు దాదాపు రెట్టింపు నీళ్లు తాగుతాయి. ఈ వయసులోనే షెడ్డు మొత్తానికి రోజుకు 500 లీటర్ల పైమాట. అందులో ఎక్కువ భాగం ఊపిరిగా, రెట్టగా మళ్లీ షెడ్డులోకే వస్తుంది. బయటి మంచుగాలి చూడ్డానికి తడిగా ఉంటుంది గానీ, 14 డిగ్రీల దగ్గర నిండా తేమ పట్టిన గాలినే లోపలికి రానిచ్చి 28కి వేడి చేస్తే, దాని తేమ శాతం సగానికన్నా కిందికి పడిపోతుంది. ఆ గాలి ఊకను ఆరబెడుతుంది. మంచును ఆపుతున్నాననుకుని బావ తడిని లోపల తాళం వేసి పెట్టాడు. పైగా పొగ గొట్టం లేని బొగ్గుల తట్టలు, 5,000 ఊపిరులు. చిన్నప్పుడు ఆక్సిజన్ సరిపోక గుండె, ఊపిరితిత్తుల మీద భారం పడితే, అది పెద్దయ్యాక పొట్టలో నీళ్లయి బయటపడుతుంది. డిసెంబర్ బ్యాచ్‌కు అదే అయి ఉంటుందని నా అనుమానం.

పడమటి గోడకు బావ ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాడు. తిరుగుతోంది, బాగానే చప్పుడు చేస్తోంది. అక్క దేవుడి గూట్లోంచి ఊదుబత్తులు తెచ్చి ఒకటి వెలిగించాను. ఫ్యానుకు నాలుగడుగుల దూరంలో పరదా చిరిగి ఉంది. పొగ ఆ చిరుగు దగ్గర్నుంచి నేరుగా ఫ్యానులోకి ఉరికింది. షెడ్డు మధ్యకు వచ్చి పట్టుకుంటే సన్నని దారంలా నిలువుగా లేచి, నా మోకాళ్ల పైన తేలుతూ ఆగిపోయింది. ఎటూ కదల్లేదు. పిల్లలు దాన్నే మెడలు చాచి చూస్తున్నాయి. బావ కూడా.

"అంటే గా ఫ్యాను..."

"పక్కనున్న గాలినే తాగి కక్కుతుంది బావా."

ఆ పూటంతా పని. చిరుగులు కుట్టాం. ఈశాన్యం నుంచి చలిగాలి కొడుతుంది గనక ఉత్తరం వైపు మూసే ఉంచి, దక్షిణం వైపు పరదాను పైన జానెడు దించాం. పరదా అడుగున బిగించి పైన తెరవాలి. చల్లగాలి పిల్లల మీద పడకుండా పైన వేడిగాలిలో కలిసి దిగుతుంది. అట్టకట్టిన ఊక ఎత్తిపారేసి కొత్తది పోశాం, మిగతాది తిప్పాం. సున్నం చల్లుదామన్నాడు. వద్దన్నాను, తడి ఊక మీద సున్నం పడితే అప్పటికప్పుడు గ్యాస్ ఇంకా లేస్తుంది.

రాత్రి బావ నిద్రపోలేదు. పదింటికి, పన్నెండింటికి, రెండింటికి టార్చి పట్టుకుని పోయి చూశాడు. ఒకసారి నేనూ వెళ్లాను. పిల్లలు బొగ్గుల చుట్టూ కుప్పపడితే చలి, దూరంగా పారిపోతే వేడి, ఒకే పక్కకు ఒరిగితే ఎక్కడో గాలి కొడుతోందని అర్థం. అవి నేలంతా పరుచుకుని పడుకున్నాయి.

తెల్లారి గ్యాస్ పోలేదు, తగ్గింది. గొంతుక్కూర్చుంటే ఇంకా చురుక్కుమంటోంది. బొగ్గులు మాత్రం ఒక సంచి ఎక్కువ కాలాయి, ఆ మాట అక్క నాకు రెండుసార్లు వినిపించింది. తట్టల బదులు పొగ గొట్టం పెట్టిన బుఖారీలు, అదే బొగ్గుల పొయ్యిలు, చేయించమన్నాను. "పైసలు నువ్విస్తవా?" అన్నాడు బావ, నవ్వుతూనే. నేను ఇవ్వలేను, ఆయనకూ తెలుసు.

వచ్చేటప్పుడు దారిలో ఒక ఈసీ షెడ్డు, అంటే గాలి, వేడి మిషన్లే చూసుకునే మూసిన షెడ్డు, చూపించాడు. ఒక చివర తడి ప్యాడ్లు, ఇంకో చివర మనిషెత్తు ఫ్యాన్లు, కిటికీ అన్నదే లేదు. చూసి నేను ముచ్చటపడ్డాను, నా పనికి దగ్గరిది కదా. బావ మాత్రం, "కరెంటు పోయి జనరేటర్ లేవకపోతే?" అని బండి ఆపకుండానే ముందుకు పోనిచ్చాడు.

హన్మకొండలో బస్సెక్కాను. చలికి అద్దాలన్నీ మూసి ఉన్నాయి. నా చొక్కా, జుట్టు, సంచి అన్నీ ఆ వాసనే. కాజీపేట దాటాక పక్క సీటాయన ఒకసారి నన్ను చూసి, మఫ్లర్ చెవులకు బిగించుకుని, ఏమీ అనకుండా కిటికీ అద్దం జానెడు వెనక్కి జరిపాడు.