ఓవెన్ సెన్సర్ బాగానే ఉంది, మరి ఆ కోడ్ ఎందుకు వచ్చినట్టు?

మా ఎలక్ట్రిక్ ఓవెన్ ఆన్ చేయగానే మామూలుగానే వేడెక్కేది. 180 డిగ్రీలు పెడితే చాలావరకు ఎక్కేది కూడా. అక్కడికి చేరాక గట్టిగా బీప్‌మని మోగి, డిస్‌ప్లే మీద ఒక కోడ్ చూపించి, హీటర్లు ఆపేసేది. పూర్తిగా చల్లారాక వేస్తే ఏమీ ఎరగనట్టు పనిచేసేది, మళ్లీ దాదాపు అదే వేడి దగ్గర ఆగిపోయేది. మాన్యువల్‌లో ఆ కోడ్ పక్కన ‘ఉష్ణోగ్రత సెన్సర్ లోపం’ అని ఉంది. ఫోన్‌లో అడిగితే సర్వీసు మనిషి, “సెన్సర్ మార్చి చూద్దాం అండీ, అప్పటికీ పోకపోతే బోర్డు మార్చేద్దాం” అన్నాడు. బోర్డంటే ఓవెన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ సర్క్యూట్. ఏది పోయిందో తెలియకుండా రెండూ మార్చడం నాకు నచ్చలేదు. మల్టీమీటర్ ఇంట్లోనే ఉంది. ముందు కొలిచి చూద్దామనుకున్నాను.

ఈ సెన్సర్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగతా పనంతా తేలికవుతుంది. ఓవెన్ లోపల వెనక గోడ పైభాగంలో, ఒక మూలగా సన్నటి స్టీలు కడ్డీ ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. దాని కొనలో ప్లాటినం ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ప్లాటినం నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, కూడా లెక్క ప్రకారం పెరుగుతుంది. దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. మా దాంట్లో ఉన్నది పీటీ1000 రకం. సున్నా డిగ్రీల దగ్గర 1000 ఓమ్‌లు, 25 దగ్గర దాదాపు 1097, 100 దగ్గర 1385, 200 దగ్గర 1759. డిగ్రీకి కాస్త అటూ ఇటూగా 4 ఓమ్‌లు అనుకుంటే సరిపోతుంది. బోర్డు నేరుగా వేడిని చూడదు, ఈ ఓమ్‌లనే చూసి వేడి ఎంతో లెక్కగడుతుంది. అన్ని ఓవెన్లలోనూ ఇదే ఉండదు. కొన్నింట్లో సున్నా దగ్గర 500 ఓమ్‌లు చూపే పీటీ500 ఉంటుంది, కొన్నింట్లో వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గే ఎన్‌టీసీ రకం ఉంటుంది. నాబ్ తిప్పే పాత ఓవెన్లలో సన్నటి రాగి గొట్టంతో పనిచేసే థర్మోస్టాట్ ఉంటుంది, దానికి ఈ కొలతలేవీ వర్తించవు. మీ దాంట్లో ఏముందో ముందు చూసుకోండి.

సెన్సర్ లోపం అని కోడ్ వచ్చినంత మాత్రాన సెన్సర్ పోయిందని కాదు. బోర్డుకు కనిపిస్తున్న ఓమ్‌లు ఉండాల్సిన హద్దు దాటాయి, అంతే. సెన్సర్‌కీ బోర్డుకీ నడుమ వైర్లున్నాయి, కనెక్టర్లున్నాయి. వాటిలో ఎక్కడ తెగినా ఎక్కడ లూజైనా బోర్డు చూపేది ఆ కోడే.

చేతులు పెట్టేముందు ప్లగ్ పీకేశాను, ఆ లైను ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్) కూడా దించాను. కరెంటున్న చోట ఓమ్‌ల మోడ్‌లో మీటర్ పెట్టకూడదు. మీటర్ పాడవుతుంది, మనిషికీ ప్రమాదం. ప్లగ్ లేకుండా నేరుగా గోడలోకి కనెక్షన్ ఇచ్చిన ఓవెన్ అయితే, కరెంటు పూర్తిగా పోయిందని పరీక్షించుకోవడం తెలిసినవాళ్లే ఈ పనికి దిగాలి.

చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే అంతా సవ్యంగానే ఉంది. బోర్డు దగ్గర సెన్సర్ కనెక్టర్ ఊడదీసి, వైరు వైపు పిన్నుల మీద కొలిస్తే 1100కి కాస్త అటూ ఇటూ. గది వేడికి రావాల్సిందే అది. ఒక్కో పిన్నుకీ కడ్డీ స్టీలు ఒంటికీ మధ్య కొలిస్తే ఏమీ రాలేదు, అంటే లోపల షార్ట్ లేదు. ఇక్కడితో ఆగితే సెన్సర్ బాగుంది, బోర్డే పోయిందని తేల్చేస్తాం. చాలా బోర్డులు ఇలాగే అనవసరంగా మారుతుంటాయని నా గట్టి నమ్మకం.

సెన్సర్ మీద ఉన్న అనుమానం పూర్తిగా తీర్చుకుందామని దాన్ని బయటికి తీశాను. లోపలి నుంచి రెండే స్క్రూలు. కడ్డీని మెల్లగా ముందుకు లాగాలి. వైరును ఒక చేత్తో పట్టుకునే ఉండాలి, వదిలేస్తే గోడ వెనక్కి జారిపోతుంది. మా దాంట్లో సెన్సర్ తోకకు, అంటే దాని వెనక నుంచి వచ్చే వైరుకు, ఒక తెల్లటి కనెక్టర్ ఉంది, అక్కడి నుంచి బోర్డు దాకా వేరే వైర్లు. కనెక్టర్ ఊడదీసి, కడ్డీ కొనను మాత్రమే ఐసు ముక్కలు వేసిన నీళ్లలో ముంచితే 1000 దగ్గర నిలబడింది. మరుగుతున్న నీళ్లలో పెడితే మెల్లగా ఎక్కి 1385 దగ్గర ఆగింది. సెన్సర్‌లో దోషం లేదని తేలిపోయింది.

మరి చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక చెడేది ఏమిటి? అది వేడి మీదే పట్టుబడాలి. అన్నీ తిరిగి బిగించాను, వెనక మూతకూ బోర్డు మూతకూ మాత్రం రెండేసి స్క్రూలే పెట్టాను. మూత తీసి ఉంచి కరెంటు ఇవ్వడం మహా ప్రమాదం కాబట్టి మూతలు మూసే ఓవెన్ వేశాను. కోడ్ రాగానే స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, ఎంసీబీ దించి, మందపాటి గ్లోవ్స్‌తో మూతలు తెరిచాను. లోపలి వేడి అంత త్వరగా దిగదు కాబట్టి కొలవడానికి కావలసినంత వ్యవధి ఉంటుంది.

బోర్డు వైపు కనెక్టర్‌లో మీటర్ పెడితే అంకె నిలకడగా లేదు. 1590 అంటుంది, ఉన్నట్టుండి 1700 దాటుతుంది, ఓఎల్ అని చూపిస్తుంది, అంటే సర్క్యూట్ తెగిందని. మళ్లీ 1580కి వస్తుంది. వెంటనే తెల్ల కనెక్టర్ విప్పి సెన్సర్ తోక మీద నేరుగా కొలిచాను. 1574, 1572, 1570... ఓవెన్ చల్లారుతున్న కొద్దీ అంకె బుద్ధిగా దిగుతోంది. పీటీ1000కి 1573 అంటే 150 డిగ్రీలు. సెన్సర్ నిజమే చెబుతోంది, ఆ నిజం బోర్డు దాకా చేరడం లేదు.

కనెక్టర్‌ను వెలుతురులో పట్టుకుని చూశాను. వెనక గోడకు ఆనుకుని ఉన్న వైపు తెల్ల ప్లాస్టిక్ పాకం రంగుకి తిరిగింది. రెండు పిన్నుల్లో ఒకటి మెరుస్తోంది, రెండోది నల్లబారి ఉంది. అది దూరే ఆడ పిన్ను నోరు కాస్త విచ్చుకుంది. వేలితో కదిపితే ఆ ఒక్కటే ఊగుతోంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో అతుక్కుని ఉండి, వేడికి వ్యాకోచించగానే పట్టు వదిలేస్తోందన్నమాట.

అప్పుడు పాత సంగతి ఒకటి అర్థమైంది. కోడ్ రావడానికి చాలా ముందు నుంచే మా ఓవెన్ కాస్త చల్లగా నడుస్తోందని ఇంట్లో అందరికీ అనుమానం. లూజు పిన్ను తెగిపోయే ముందు దశలో తన వంతు ఓమ్‌లు కలుపుతుంది. 60 ఓమ్‌లు అదనంగా చేరితే బోర్డు కంటికి ఓవెన్ 16 డిగ్రీలు ఎక్కువ వేడిగా కనిపిస్తుంది. పెట్టిన వేడి వచ్చేసిందనుకుని హీటర్లు ముందే ఆపేస్తుంది. కాబట్టి పీటీ రకం సెన్సర్ ఉన్న ఓవెన్ రాను రాను చల్లబడుతుంటే, హీటర్‌ను అనుమానించే ముందు ఈ కనెక్టర్లు ఒకసారి చూడటం మంచిది.

రిపేరు పెద్దది కాదు కానీ సామాను సరైనది కావాలి. ఓవెన్ వెనక మామూలు టంకం పనికిరాదు. తగరం, సీసం కలిసిన టంకం 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది. పీవీసీ టేపు అంతకన్నా చాలా ముందే మెత్తబడిపోతుంది. పాత కనెక్టర్ రెండు సగాలూ కత్తిరించేసి, వైర్ల కొసలు శుభ్రమైన లోహం కనిపించేదాకా ఒలిచి, పింగాణీ టెర్మినల్ బ్లాకులో స్క్రూలతో బిగించాను. దగ్గర్లోని వైర్లకు గ్లాస్ ఫైబర్ స్లీవ్ తొడిగాను. ఈ రెండు వైర్లకు ప్లస్, మైనస్ లేవు, ఏది ఎటు వేసినా ఒకటే. బ్లాకును మాత్రం మళ్లీ వేడి గోడకు ఆననివ్వకుండా స్టీలు క్లిప్పుతో ఎడంగా కట్టాను. వేడి మీద బోర్డు వైపు నుంచి మళ్లీ కొలిస్తే అంకె ఎక్కడా గెంతకుండా దిగింది.

ఆఖరున మధ్య అరలో ఓవెన్ థర్మామీటర్ పెట్టి 180కి వేశాను. హీటర్లు ఆగుతూ వెలుగుతూ ఉంటాయి కాబట్టి ముల్లు పైకీ కిందికీ తిరుగుతుంది. ఒక్కసారి చూసి ఓవెన్ తప్పనకూడదు, హీటర్లు అలా కొన్నిసార్లు ఆగి వెలిగాక పై అంకెకూ కింది అంకెకూ సగటు తీయాలి. నాకు సగటు 190 దాటి వచ్చింది. ఓవెన్ చల్లగా నడుస్తున్న రోజుల్లో సెట్టింగ్స్‌లో వేడిని 10 డిగ్రీలు పెంచి ఉంచాం, అది ఇంకా అలాగే ఉంది. దాన్ని సున్నాకు తెచ్చి మళ్లీ చూస్తే సగటు 182.