పాప ఎడమచెయ్యి: నా అనుభవం

మా పాప పుట్టినప్పుడే నుదుటి మీద కుడివైపు, పై కనురెప్ప దాకా ఎర్రని మచ్చ ఉంది. పెరిగేకొద్దీ అదే పోతుందని చూసినవాళ్లంతా అన్నారు. పిల్లల డాక్టరు మాత్రం మచ్చ ఉన్న చోటు చూసి కంటి ఒత్తిడి పరీక్షకు, న్యూరాలజిస్టు దగ్గరికి పంపారు. మొదటి నెలలో తీసిన ఎమ్మారైలో ఏమీ కనబడలేదు. అంత చిన్న వయసులో స్కాన్ మామూలుగా ఉన్నా జబ్బు లేదని తేల్చలేమని నాకు అప్పుడు తెలియదు. ఏడో నెలలో ఒక తెల్లవారుజామున పాప ఎడమచెయ్యి, ఎడమకాలు కొట్టుకోవడం మొదలైంది. ఈసారి కాంట్రాస్ట్ (రక్తనాళాలు స్పష్టంగా కనబడేలా చేసే మందు) ఎక్కించి తీసిన స్కాన్‌లో తేలింది: స్టర్జ్-వెబర్ సిండ్రోమ్.

మెదడును కప్పి ఉండే పలుచని పొరలో సన్నని రక్తనాళాలు గుబురుగా అల్లుకుంటాయట. అక్కడి రక్తాన్ని బయటికి తీసుకుపోవలసిన సిరలు సరిగా ఏర్పడవు. పోవలసిన రక్తం నిలిచిపోతే రావలసిన రక్తం తగ్గిపోతుంది. ఫిట్స్ వచ్చినప్పుడు మెదడు కణాలకు మరింత రక్తం కావాలి, ఆ భాగానికేమో అది అందదు. ఫిట్స్‌ను ఆపడానికి డాక్టర్లు ఎందుకంత పట్టుబడతారో అప్పుడు అర్థమైంది.

కారణం కూడా అడిగాను. జీఎన్ఏక్యూ అనే జన్యువులో వచ్చే మార్పు దీనికి మూలమని 2013లో కనుగొన్నారు. అది బిడ్డ కడుపులో పడ్డాక కొన్ని కణాల్లో మాత్రమే తలెత్తే మార్పు, తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు, నేను చేసినదాని వల్లో చేయనిదాని వల్లో వచ్చింది కాదు. ఆ మాట విన్న రాత్రి ఎన్నో వారాల తర్వాత నిద్రపోయాను.

మందులతో ఫిట్స్ తగ్గాయి. వారానికి మూడు నాలుగు వచ్చేవి నెలకు ఒకటయ్యాయి. అందరూ సంతోషించారు. నాకు మాత్రం చెయ్యి తేడాగా కనిపించేది. పదో నెలలో రెండు చేతులతో గిన్నె పట్టుకున్న పిల్ల, ఏడాది దాటాక కుడిచెయ్యే చాచేది. ఎడమ బొటనవేలు పిడికిలి లోపలికి మడుచుకుని ఉండేది. నేను విప్పితే విచ్చుకునేది, వదలగానే మళ్లీ ముడుచుకునేది. ఫిట్స్ రాసుకునే పుస్తకంలోనే ఎదుటి పేజీలో ఇదీ రాయడం మొదలుపెట్టాను: ఏ రోజు ఏ చేత్తో ఏం పట్టుకుంది, జ్వరం వచ్చిన రోజు ఎలా ఉంది, ఎన్ని గంటలకు తేరుకుంది.

ఆ పేజీలు చూశాక న్యూరాలజిస్టు మెదడులో రక్తప్రసరణను కొలిచే స్కాన్ కూడా చేయించమన్నారు. కదలకుండా ఉండాలి కాబట్టి మత్తు ఇవ్వాలి, మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. ఒంట్లో నీరు తగ్గడం ఇలాంటి పిల్లలకు మంచిది కాదు. అందుకే ముందు రోజే అడిగి, ఉదయం మొదటి వరుసలో సమయం తీసుకున్నాను. ఫిట్స్ మందు మానకూడదని, గుక్కెడు నీళ్లతో ఇవ్వవచ్చని మత్తు డాక్టరు చెప్పారు. ఆకలితో ఏడుస్తున్న పిల్లను భుజాన వేసుకుని తిరిగిన ఆ రెండు గంటలు ఇప్పటికీ గుర్తున్నాయి.

రంగుల పటంలో ఎడమవైపు మెదడంతా ఎరుపు, పసుపు. కుడివైపు వెనక భాగం నుంచి ముందుకు పాకుతూ నీలం. నీలం అంటే రక్తం తక్కువగా అందే చోటు. ఎడమచేతిని కదిపే భాగం అంచు దాకా ఆ నీలం వచ్చిందని డాక్టరు వేలు పెట్టి చూపించారు. నేను పుస్తకంలో రాసుకున్నదే అక్కడ బొమ్మగా కనబడింది. ఏడుపు వచ్చింది, ఒకరకమైన ధైర్యమూ వచ్చింది.

మందు మోతాదు పెంచారు. చిన్న మోతాదులో ఆస్పిరిన్ మొదలుపెట్టారు. అది వాడే పిల్లలకు ఫ్లూ గానీ ఆటలమ్మ గానీ వస్తే వెంటనే చెప్పాలన్నారు. చేతికి ఫిజియోథెరపీ రోజూ ఉంది. మందులకు లొంగకపోతే శస్త్రచికిత్స గురించి మాట్లాడాలని కూడా దాచకుండా చెప్పారు.

ఇప్పుడు డాక్టరు నా పుస్తకం తెరవగానే ఫిట్స్ పేజీ కన్నా ముందు చూసేది చేతి పేజీనే. మొన్నటి పేజీలో ఒక్క వాక్యమే ఉంది: సీసా మూత కుడిచేత్తో తిప్పుతూ, సీసాను ఎడమచేత్తో అదిమి పట్టుకుంది.