ఊరు విడవని మనిషి కట్టిన హాలు

“నేను ఎడిన్‌బరో రానమ్మా. మన ఊళ్లోనే మూకీ సినిమా వేస్తున్నారు, ఎదురుగా కూర్చుని పియానో వాయిస్తారు. నువ్వూ నాన్నా వెళ్లి రండి” అనేసింది మా అమ్మాయి. ఎడిన్‌బరోలో ఉగాదికి వేస్తున్న తెలుగు సినిమాకి నేను ముందే టికెట్లు కొనిపెట్టాను. పిల్లల చెవిన తెలుగు పడాలంటే సినిమాకి తీసుకెళ్లండని తోటి తల్లులకి చెబుతుంటాను. ఇప్పటికీ అదే చెబుతాను.

తను పట్టుబట్టిన హాలు స్కాట్లండ్‌లో మేముండే ఊరు బోనెస్‌లోని హిప్పోడ్రోమ్. 1912 మార్చిలో తెరిచారు. సినిమా కోసమే కట్టి, నేటికీ నిలిచిన హాళ్లలో స్కాట్లండ్ మొత్తానికి ఇదే పాతది. దాని ప్లాన్ గీసిన మాథ్యూ స్టీల్ (1878–1937) బోనెస్ మనిషే. సినిమా హాలంటే ఎలా ఉండాలో ఇంకా ఎవరికీ ఖాయంగా తెలియని రోజుల్లో ఆయన గుండ్రటి గదిని తలచి, పైన గుమ్మటం పెట్టాడు. లోపల కూర్చుంటే ఊరంతా ఒకే వలయంలో చేరినట్టుంటుంది. ఇళ్లు కట్టినా, హాలు కట్టినా ఆయన పనిలో చాలా భాగం ఈ చిన్న రేవు పట్టణానికే దక్కింది. కట్టించిన లూయీ డిక్సన్ ఊళ్లో జరిగే పిల్లల జాతరని తనే చిత్రీకరించి, ఊరివాళ్లకే చూపించేవాడు. ఆ జాతర ఇప్పటికీ జూన్‌లో జరుగుతోంది. ఈసారి మా అమ్మాయి కూడా నడుస్తుంది.

ఆ హాలు మధ్యలో బింగో ఆటలకి పోయింది, తర్వాత ఏళ్ల తరబడి మూతపడింది. బాగుచేసి 2009లో మళ్లీ తెరిచారు. మా అమ్మ నన్ను ఎత్తుకుని సినిమాలకి వెళ్లిన హాలు స్థలంలో ఇప్పుడు కల్యాణమండపం ఉంది. లేని హాలు మీద, నేనే వదిలొచ్చిన ఊరి మీద మమకారం పెంచుకోమని పిల్లని ఎలా అడగను? అడక్కుండా ఉంటే మాత్రం, అమ్మమ్మ ఫోన్‌లో చెప్పే కబుర్లు రేపు దానికి అర్థమవుతాయా? స్టీల్‌కి ఈ తగువు లేదు. పుట్టిన ఊరూ పనిచేసిన ఊరూ ఆయనకి ఒకటే. నా కూతురికి అలాంటి ఊరు ఒకటి దొరుకుతుంటే సంతోషించాలని తెలుసు. సంతోషం వస్తోంది, దాని వెనకే భయమూ వస్తోంది.

ముగ్గురం మూకీ సినిమాకే వెళ్లాం. తెలుగు సినిమా టికెట్లు ఆదివారానికి మార్చాను. దానికి రావాల్సిందేనన్నాను, ఆ పట్టు వదల్లేదు. తను ఇంకా సరేననలేదు.